ఆమోసు కొట్టిన గుర్తు

తాల్‌బగీచా, ఖరగ్‌పూర్
6 ఫిబ్రవరి 1966

చిరంజీవి తీతుకు మీ బావ ఆమోసు దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు క్షేమమని వేరే రాయనక్కర్లేదు, పత్రికలోనే చూశాం.

నువ్వు పంపిన ఆ కాగితం ముక్క మీ అక్క సుజాతమ్మ చేతికి అందిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో వేరే మాట లేదు. "ఎముకల ఆసుపత్రిలో నడిచే యంత్రం" అని పెద్ద అక్షరాలు, కింద డాక్టరు గారి ఫోటో, ఆయన భుజం వెనక సగం మొహంతో నువ్వు. ఆ సగం మొహానికే మీ అక్క చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. కాగితాన్ని తెచ్చి అద్దం పక్కన అంటించింది. నేను గడ్డం గీసుకుంటుంటే ఒక కన్ను చెంప మీద, ఒక కన్ను నీ పేరు మీద. మొన్న తెగింది కూడా.

నాకు సంతోషమే. కాని ఒక్క మాట. పూరీ గేట్ దగ్గర దత్తా బాబు షెడ్డులో పనికి చేరినప్పుడు నీకు గొలుసు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియదు. బరువు ఎలా వేలాడదీయాలి, ఇనుము ఎంతవరకు సాగి వెనక్కి వస్తుంది, ఎక్కడ దాటితే ఇక రాదు, అన్నీ నా పక్కన నిలబడి నేర్చుకున్నావు. ఇరవై రెండేళ్లుగా ఈ షెడ్డుకు వచ్చిన క్రేను గొలుసు గాని కొక్కెం గాని నా చేతి కింద బరువు మోసి, నా గుర్తు కొట్టించుకోకుండా పనిలోకి పోలేదు. నా పేరు ఏ పత్రికలోనూ పడలేదు. పడాలని నేను అనడం లేదు.

ఇంతకీ ఆ యంత్రం మేక బొమికలు విరుస్తుందట కదా. ఆదివారం కూర తిన్నాక మనం పారేసేవాటిని విరిచినందుకు తమ్ముడికి జీతమిస్తున్నారని మీ అక్క వీధంతా చెప్పుకుంటోంది. కందిపొడి చేసింది, నీకు పంపమంటోంది. అటు వచ్చేవాళ్లెవరూ లేరని చెప్పాను. ఉన్నారు గాని చెప్పలేదు.

ఉంటాను,
ఆమోసు


వాల్తేరు
17 ఫిబ్రవరి 1966

పూజ్యులైన బావగారికి తీతు నమస్కరించి వ్రాయునది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి భయం వేసింది. పత్రికవాళ్లు వచ్చిన రోజు డాక్టరు గారు పిలిస్తే వెళ్లి నిలబడ్డాను, అంతే. ఆ యంత్రంలో గొప్పేమీ లేదు. పాత సైకిలు చక్రం, దాన్ని తిప్పడానికి చిన్న మోటారు, చక్రం పక్కన ఒక కడ్డీ. చక్రం తిరిగిన ప్రతిసారీ కడ్డీ వచ్చి ఎముకను ఒకసారి నొక్కి వదులుతుంది. మనిషి ఒక అడుగు వేసినట్టు లెక్క. ఎన్ని అడుగులకు విరుగుతుందో చూస్తాం. నొక్కడం, వదలడం మీ దగ్గర నేర్చుకున్నదే.

మేక ఎముకల దగ్గరే నాకు మొదటి దెబ్బ తగిలింది. ఇనుమును తుడిచి ఆరబెట్టినట్టు వాటినీ ఎండబెట్టాను. ఎండినది బాగా నిలిచి, ఏ సూచనా లేకుండా ఫటుక్కున పోయింది. ఒంట్లో ఉన్న ఎముక తడిగా ఉంటుంది, తడిది కాస్త వంగుతుంది అని డాక్టరు గారు చెప్పారు. అప్పట్నుంచి ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డ చుట్టి, పైన సీసా వేలాడదీసి, చుక్కలు పడే ఏర్పాటు చేశాను. చచ్చిన మేకకు సెలైను ఎక్కిస్తున్నానని నర్సులు ఏడిపిస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. తొడ ఎముక విరిగితే దాని పక్కన ఉక్కు ప్లేటు పెట్టి స్క్రూలతో బిగిస్తారు. ఎముక అతుక్కునే దాకా బరువంతా ఆ ప్లేటు మోస్తుంది. ఇంగ్లండు నుంచి వచ్చే ప్లేట్లు ఇప్పుడు దొరకడం లేదు. డాక్టరు గారు ఇక్కడే ఒక పనివాడి చేత పద్నాలుగు చేయించారు. రెండింటిని యంత్రంలో పది లక్షల అడుగులు నడిపించాం, చెక్కు చెదరలేదు. అయితే అలా నడిపించినది అలిసిపోయినట్టే, మళ్లీ మనిషికి వేయకూడదు. మిగతా పన్నెండింటికి ఒక్కొక్కసారి బరువు పెట్టి, వంగి సరిగ్గా వెనక్కి వస్తోందో లేదో చూస్తే చాలు. అంత నికరంగా బరువు పెట్టే మనిషి నాకు తెలిసి ఒక్కరే అని డాక్టరు గారితో చెప్పాను. ప్లేట్లు పార్సెలులో వస్తున్నాయి.

ఒక్క మనవి. వాటి మీద గీత కూడా పడకూడదు. నంబరుకు కాగితం చీటీ దారంతో కట్టండి, చాలు. అక్కను అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ తీతు


తాల్‌బగీచా
9 మార్చి 1966

తీతుకు,

పార్సెలు అందింది, పని అయింది, తిరుగు పార్సెలు నిన్న పంపాను. పన్నెండూ నిలిచాయి. కింద రెండు రోలర్లు, నడుమ బరువు, ప్లేటు మీద మరక పడకుండా మీ అక్క పాత చీర ముక్క. దత్తా బాబు గంటసేపు నిలబడి చూశాడు. గొలుసుల షెడ్డులో ఆడవాళ్ల నగలు తూస్తున్నట్టుంది దాదా అన్నాడు.

నీ ఉత్తరంలో చివరి మాట మాత్రం నాకు గుచ్చుకుంది. గీత పడకూడదని నాకు చెబుతున్నావా? ఆ మాట నీకు చెప్పినవాణ్ణి నేను. ఇక చీటీ సంగతి. చీటీలు ఊరగాయ జాడీలకు కడతారు. దారం తెగిందంటే ఏది ఏదో ఎవడికి తెలుసు? బరువు మోసిన ముక్క మీద మోయించినవాడి గుర్తు ఉండాలి, అది ఈ షెడ్డు పద్ధతి. పన్నెండింటి మీదా పంచి పెట్టి సుత్తితో నా ఇంగ్లీషు 'ఎ' అక్షరం, పక్కన వరస నంబరు కొట్టాను. కొసల్లో చోటు చాలలేదు. నడుమ రెండు స్క్రూ బెజ్జాల మధ్య చదునుగా ఉంది, అక్కడ వేశాను. ముత్యాల్లా పడ్డాయి.

నీ పేరు అద్దం పక్కన ఇప్పటికే పచ్చబడుతోంది. నాది పన్నెండు మంది మనుషుల ఒంట్లో ఉంటుంది. ఎవరూ చూడకపోతే పోనీ.

కందిపొడి పార్సెలులోనే పెట్టాను. ఉక్కుకు అంటితే కడుక్కో.

మీ బావ


వాల్తేరు
21 మార్చి 1966

బావగారికి,

పార్సెలు విప్పి ఒక్కొక్క ప్లేటూ కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూశాను. మీ పనిలో వంక పెట్టేంతవాణ్ణి కాను. కాని మీరు గుర్తు కొట్టిన చోటే కింద ఎముక విరిగి ఉంటుంది. కాలు మోపినప్పుడల్లా ప్లేటు వంగేది అక్కడే. డాక్టరు గారు మద్రాసులో ఉన్నారు, పది రోజుల దాకా రారు. మీకు రాయకుండా ఆయనకు చెప్పడం నాకు ఇష్టం లేదు.

నాకొకటి గుర్తొస్తోంది. కొక్కేనికి గుర్తు ఎప్పుడూ పై కాడ మీద కొట్టమనేవారు, వంపు మీద కొట్టనిచ్చేవారు కాదు. ఒకసారి నేను వంపు మీద పంచి పెట్టబోతే నా చెయ్యి పట్టుకున్నారు. అది ఎందుకు బావగారూ? ఆ కారణం దీనికి కూడా వర్తిస్తుందా? మీరు ఫరవాలేదంటే ఫరవాలేదు. ఒక ప్లేటును యంత్రంలో నడిపించి చూద్దామంటే ఇక్కడ ఒక్కో ప్లేటు కోసం మనుషులు మంచాల మీద కాచుకుని ఉన్నారు.

దయచేసి కోపగించుకోకుండా జవాబు రాయండి.

తీతు


తాల్‌బగీచా
30 మార్చి 1966

తీతూ,

కోపగించుకోవద్దని రాసి మరీ కోపం తెప్పించావు.

కొక్కెం వంపు మీద ఎందుకు కొట్టమో చెబుతాను, విను. అక్కడ తాడు ఒరుసుకుంటుంది, అక్షరాలు అరిగిపోతాయి. నాకు పని నేర్పిన ముసలి మిస్త్రీ అదే చెప్పాడు, ఇరవై రెండేళ్లుగా నేను అదే పాటిస్తున్నాను. మనిషి తొడలో ఏ తాడు ఒరుసుకుంటుంది? ఏ అక్షరం అరుగుతుంది? నా గుర్తు ఉన్న కొక్కెం ఇంతవరకు ఒక్కటీ తెగలేదు. దత్తా బాబును అడిగి రాయించమంటావా?

మేక ఎముకకు చుక్కలు పోసి నువ్వు పెద్దవాడివయ్యావు, నేను గొలుసుల దగ్గరే ఉండిపోయాను. అందుకని నా పంచి దెబ్బ మీదే నీకు అనుమానం. నమ్మకం లేకపోతే పన్నెండూ తిప్పి పంపు. నా బావమరిది నా పని తిప్పికొట్టాడని ఇక్కడ అందరికీ నేనే చెప్పుకుంటాను. మీ అక్కకు ముందు చెబుతాను.

ఆమోసు


వాల్తేరు
14 ఏప్రిల్ 1966

పూజ్యులైన బావగారికి,

మీ మాటే నాకు చాలు. మీరు చెప్పిన కారణం చదివాక మనసు కుదుటపడింది. డాక్టరు గారు వచ్చారు, పరీక్ష అయిన ప్లేట్లు సిద్ధంగా ఉన్నాయని చెప్పి ఇచ్చాను. గుర్తులు చూసి ఇవేమిటని అడిగారు. పరీక్ష చేసిన మనిషి గుర్తులు, ఆయన నాకు గురువు అన్నాను.

మొన్న సోమవారం మొదటిది వేశారు. కోటిలింగమని, గుడ్డల మూట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్ముకునే ఆయన. నిన్న రెండోది. సూసన్న అని యాభై ఏళ్ల ఆయా, తడి నేల మీద జారి పడింది. ఒంట్లో ఇనుము ఉంటే ప్రభువు దగ్గరికి రానిస్తారా అని మత్తు ఇచ్చేదాకా అడుగుతూనే ఉంది.

డాక్టరు గారు ఈ ప్లేట్ల మీద ఒక రిపోర్టు టైపు చేయించారు. సంవత్సరం చివర డాక్టర్ల సభలో చదువుతారు, అచ్చు కూడా వేస్తారు. అందులో పరీక్ష చేసినవారు అన్న చోట మీ పేరు ముందు పెట్టించాను, నాది వెనక. నకలు పంపుతున్నాను. మీకు చెప్పకుండా ఉంచి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను గాని మీ కోపానికి భయపడి ముందే పంపేస్తున్నాను.

తీతు


తాల్‌బగీచా
2 మే 1966

చిరంజీవి తీతుకు శుభాశీస్సులు.

రిపోర్టు అందింది. పాస్టరు గారి చేత చదివించాను, మీ అక్క చేత చదివించాను, గోల్‌బజార్లో మందుల షాపు శేషారత్నం గారి చేత కూడా చదివించాను. ఆయన ఇంగ్లీషు బాగా చదువుతారు. నా పేరు ముగ్గురి నోటా ముందే వచ్చింది. దత్తా బాబు దాన్ని గాజు పలక కింద పెట్టుకుంటానంటే ఇవ్వలేదు.

ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకు. నీ పేరు పక్కన 'ప్రయోగశాల' అని ఉంది. నా పేరు పక్కన ఏమీ లేదు, ఊరు ఒక్కటే ఉంది. ఊరు చూస్తే ఎవరైనా రైలు కోసం కాచుకున్నవాడనుకుంటారు. అచ్చు వేసేటప్పుడు 'టెస్టింగు నిపుణుడు' అని కలిపించు. మీ అక్క ఇది చదివి నవ్వింది. తమ్ముడి పేరు పత్రికలో వస్తే ఏడ్చినావు, నీ పేరొస్తే దాని పక్కన జాగా సాలదంటావు, నీకేటి కావాలి మావా అంది.

ఆమోసు


వాల్తేరు
4 అక్టోబరు 1966

బావగారికి నమస్కారాలు.

ఇన్ని నెలలు రాయనందుకు క్షమించండి. ఒక పని మీద రాస్తున్నాను, దయచేసి ఆలస్యం చేయకండి.

కోటిలింగం గారి ప్లేటు విరిగింది. బస్సు మెట్టు దిగుతుంటే లోపల చప్పుడైందట, అక్కడే కూలిపోయాడు. మళ్లీ ఆపరేషను చేశారు, మూడు నెలలు మంచం. ఆ ప్లేట్లు మొత్తం ఏడుగురికి వేశారు. మిగతావాళ్లను పిలిపించి చూస్తున్నాం, ఐదుగురు వచ్చారు. ఆఖరు మనిషి సూసన్న. ఆమె ఆగస్టులో ఖరగ్‌పూర్ వచ్చేసింది, న్యూ సెటిల్‌మెంట్‌లో కూతురు దేవమణి రైల్వే క్వార్టరులో ఉంది. రెండు కార్డులు రాశాం, కాలు బాగానే ఉంది, రానని ఒక ముక్క రాయించింది. మీరు వెళ్లి ఆమె చేత కాలు కింద మోపకుండా చేయించి, వెంటనే ఇక్కడికి పంపించాలి. ప్లేటులో లోపం ఉందని చెప్పండి.

ఇంకొక సంగతి. ఆ రిపోర్టులోంచి మీ పేరు తీయించాను. ఎందుకని అడగకండి. అది మీకే మంచిది.

తీతు


తాల్‌బగీచా
11 అక్టోబరు 1966

తీతుకు,

అడగవద్దన్నావు కాబట్టి అడగను, నేనే చెబుతాను. ప్లేటు బాగున్నంతకాలం నా పేరు కావాల్సి వచ్చింది. విరిగేసరికి సభలో పెద్ద పెద్ద డాక్టర్ల ముందు గొలుసుల షెడ్డువాడి పేరు నీకు నామోషీ అయింది. నీ పేరు ఉందా, తీసేశావా? ఉండే ఉంటుంది. నీ పక్కన నేను నిలబడడం నువ్వు చూడలేకపోయావు. నాకు కడుపు మండుతోంది, దాచుకోను. ఊరంతా చదివించుకున్న కాగితం ఇప్పుడు ఎవరికి చూపించను?

ఆ ప్లేటు నా చేతిలో సరిగ్గా వంగి సరిగ్గా వెనక్కి వచ్చింది. విరిగిందంటే మీ డాక్టరు బిగించేటప్పుడు వంచి ఉండాలి, లేదా ఉక్కు కల్తీ. విరిగిన ముక్కలు నాకు పంపు. చూసి ఎవరి తప్పో నేను చెబుతాను. ముక్కలు రాకుండా సూసన్న గడప నేను తొక్కను. మీ మనిషి, మీ డాక్టరు, మీ లోపం. మధ్యలో పేరు లేనివాణ్ణి, నేనెవర్ని ఆమెకు చెప్పడానికి?

పైగా ఇక్కడ దుర్గా పూజ దగ్గరపడుతోంది, ఎక్కడ చూసినా పందిళ్లు లేస్తున్నాయి.

ఆమోసు


వాల్తేరు
25 అక్టోబరు 1966

బావగారికి,

ముక్కలు రిజిస్టరు పార్సెలులో పంపుతున్నాను. పంపకూడదనుకున్నాను. సూసన్న కోసం పంపుతున్నాను.

డాక్టరు గారు అడిగినప్పుడు, గుర్తు నడుమ కొట్టమని రాసింది నేనే అని చెప్పాను. వద్దని నేను రాసిన సంగతి చెబితే తప్పు మీదని మీ దగ్గరికి వచ్చేవారు. మీ షెడ్డులో మీకున్నది ఆ గుర్తు ఒక్కటే. దాని మీద మాట పడితే ఇరవై రెండేళ్ల కొక్కేలన్నీ అనుమానంలో పడతాయి. మీ పేరు అచ్చులో ఉంటే చదివిన ప్రతివాళ్లూ మిమ్మల్నే వేలెత్తి చూపిస్తారు, అందుకే తీయించాను. నాది ఉంచాను.

నన్ను యంత్రం దగ్గర్నుంచి తీసేశారు. కట్ల గదిలో పిండి కట్టు గుడ్డలు చుడుతున్నాను. తప్పు నాదీ ఉంది. నాకు అనుమానం వచ్చి కూడా మీ మాట విని ఊరుకున్నాను. ఒక్క ప్లేటును నడిపించి చూసి ఉంటే సరిపోయేది. మొన్న మిగిలిన ఐదింటిలో ఒకదాన్ని నడిపించారు. ఎనభై వేల అడుగులకే పోయింది.

మూడు వారాలుగా ఆమె ఆ కాలు మీద నడుస్తోంది బావగారూ. నా మీద కోపం తర్వాత చూసుకుందురు గాని, ముందు వెళ్లండి.

తీతు


తాల్‌బగీచా, ఖరగ్‌పూర్
2 నవంబరు 1966, బుధవారం

తీతూ,

ముందు పని. శనివారం మద్రాసు మెయిలులో సూసన్నను తీసుకుని బయలుదేరుతున్నాను. మీ అక్క కూడా వస్తోంది. ఆదివారం స్టేషనుకు స్ట్రెచరు తీసుకురా. ఆమె కాలు కింద మోపకూడదు, ఇక్కడ మంచంతో సహా మోసి ఎక్కిస్తాం. డాక్టరు గారిని కూడా రమ్మను. ఆయన రాలేకపోతే నేనే నేరుగా ఆసుపత్రికి వస్తాను. గీత పడకూడదని, చీటీ కట్టమని నువ్వు రాసిన ఉత్తరం నా దగ్గర ఉంది. దాన్ని ఆయన చేతికిచ్చి నా నోటితో చెబుతాను. నువ్వు అడ్డుపడవద్దు.

నీ పార్సెలు సోమవారం వచ్చింది. నీ ఉత్తరం ముందు చదివాను. నిన్ను కట్ల గదిలో వేశారన్న చోటికి వచ్చేసరికి నాకు ఏమనిపించిందో రాస్తున్నాను, మీ అక్కకు కూడా చెప్పలేదు. సంతోషం వేసింది తీతూ. నువ్వు నా కోసం నింద మీద వేసుకున్నావని ఆ పైనే చదివాను, అయినా వేసింది. ఒక్క క్షణమే అని రాయాలని ఉంది గాని అంతకంటే ఎక్కువసేపే ఉంది. తమ్ముడూ అని పిలిచి పని నేర్పినవాడిలో ఇంత విషం ఉందని నాకు తెలియదు.

తర్వాత ముక్కలు విప్పి షెడ్డుకు పట్టుకెళ్లి భూతద్దం కింద పెట్టాను. ఇంకా నీ తప్పే వెతుకుతున్నాను, డాక్టరు వంచిన గుర్తేదైనా దొరుకుతుందేమోనని. దొరకలేదు. విరుపు నా అక్షరం కాలి దగ్గర మొదలైంది. పంచి దిగిన గాడిలో సన్నగా పుట్టి, ఒక్కో అడుగుకూ కాస్త కాస్త లోపలికి పాకిన చారలు వరసగా కనిపించాయి. ఆ చారలు చదవడం నాకు తెలుసు, తెగిన గొలుసుల్లో ఎన్నో చూశాను. అప్పుడు అర్థమైంది, కొక్కెం వంపు మీద గుర్తు ఎందుకు కొట్టకూడదో. బరువంతా వచ్చి ఆగే చోట చిన్న గంటు పడినా ఇనుము అక్కడ నోరు తెరుస్తుంది. అక్షరాలు అరుగుతాయని ముసలి మిస్త్రీ చెప్పింది తప్పు. పాపం, ఆయనకు ఎవరు చెప్పారో. పద్ధతి సరైనదే, కారణం మాత్రం తప్పుగా నా దాకా వచ్చింది. నువ్వు అడిగిన రోజు నేను రెండు నిమిషాలు ఆలోచించి ఉంటే తెలిసేది. నువ్వు అడిగావు కాబట్టే ఆలోచించలేదు.

దత్తా బాబుకు అంతా చెప్పి పంచీల పెట్టె ఆయన బల్ల మీద పెట్టేశాను. ఆయన పెట్టె మూత తీసి నా అక్షరం ఉన్న పంచి చూశాడు. తర్వాత కొక్కేలన్నీ ఒకసారి తిరిగి చూద్దాం ఆమోస్ దాదా, ఆ తర్వాత సంగతి తర్వాత అన్నాడు. ఉంచుతాడో తీసేస్తాడో తెలియదు.

షెడ్డు నుంచి నేరుగా న్యూ సెటిల్‌మెంట్‌కు సైకిలు తొక్కాను. మన ఇంటి నుంచి ఎంత దూరమని, ఆరాధనకు నడిచి వెళ్లే దూరమే. మూడు వారాలు ఆ దూరం నేను వెళ్లలేదు. క్వార్టర్ల దగ్గర కుళాయి వరసలో, చంకన బిందెతో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. ఎడమ కాలు మీద కాస్త ఒరుగుతోంది. ఎవరూ చెప్పకుండానే ఆమేనని తెలిసిపోయింది. నేను సైకిలు పారేసి వెళ్లి బిందె లాక్కున్నాను. దొంగనుకుని కూతురు దేవమణి కేక వేసింది.

మంచం మీద కూర్చోబెట్టి, డాక్టరు గారు రమ్మన్నారని చెప్పాను. ఆమె వినలేదు. మళ్లీ కోయించుకోనంది. ఇనుము బాగానే ఉందని, పరీక్ష చేసిన ఇనుమని, దాని మీద పరీక్ష చేసినాయన గుర్తు కూడా ఉందని వాల్తేరులో ఒక కుర్రాడు చెప్పాడని, ఆ ధైర్యంతోనే కాలు మోపానని చెప్పింది. ఆ కుర్రాడివి నువ్వే. ప్లేటులో లోపం ఉందని నువ్వు చెప్పమన్న మాట చెప్పాను. ఎవరి లోపమని అడిగింది.

ఇక తప్పలేదు. ఆ గుర్తు నాదేనని, పేరు కోసం కొట్టకూడని చోట కొట్టానని, ఒకాయనకు అక్కడే విరిగిందని, మూడు వారాల కిందటే నాకు కబురు వచ్చినా కోపంతో రాలేదని చెప్పాను. దేవమణి మొగుడు లేచాడు, కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. ముసలావిడ అతన్ని ఆపి, చీర మీద నుంచి తొడ తడుముకుంటూ కూర్చుంది. ఏడుస్తుందేమో, తిడుతుందేమోనని తల వంచుకుని ఉన్నాను.

రిపోర్టులో నీ పేరు నిలబెట్టమని, యంత్రం నీకు తిరిగి ఇవ్వమని డాక్టరు గారి కాళ్లు పట్టుకుంటాను. అయినా ఒక మాట దాచను. రేపు నువ్వు మళ్లీ ఆ యంత్రం పక్కన నిలబడితే, అది పత్రికలో పడితే, నాకు మళ్లీ కళ్లు మండుతాయేమో. పోయిందని రాయలేను. ఈసారి మాత్రం దాన్ని పంచి పట్టుకున్న చేతిలోకి దిగనివ్వను.

సూసన్న చివరికి వస్తానంది. పక్కన నేను కూర్చుంటేనే వస్తానంది. ఆ మాట కంటే ముందు ఒకటి అంది. రెండు రోజులుగా అన్నం ముందు కూర్చున్నా అదే వినబడుతోంది. తిట్టినట్టు కాదు, చుట్టరికం మర్చిపోయినవాణ్ణి అడిగినట్టు అడిగింది.

"నీ పేరు నా కాల్లో ఎట్టుకుని ఆర్నెల్లు నడిసినాను బాబూ. ఈ ఊర్లోనే ఉండి ఒక్కపాలైనా సూడ్డానికి రాలేదేటి?"



నీ బావ,
ఆమోసు